సిరా బొమ్మ వేయడం: కాగితం పరీక్ష నుంచి ఆఖరి నలుపు దాకా

పెన్సిల్‌తో బాగానే వస్తున్న బొమ్మ సిరా పడగానే చెడిపోతోందని, సరైన పద్ధతి చెప్పమని చాలామంది అడుగుతున్నారు. దానికి అసలు కారణం ఒకటే. పెన్సిల్‌కు బూడిద రంగు ఉంది, సిరాకు లేదు. సిరా బొమ్మలో బూడిదగా కనిపించేదంతా నల్ల గీతల మధ్య మిగిలిన తెల్ల కాగితం. ఆ తెలుపు ఒకసారి పోయిందంటే తిరిగి తెచ్చుకోవడం కష్టం.

అందుకే ఏది తెల్లగా వదలాలో, ఏది పూర్తిగా నల్లబడాలో కలం మూత తీయకముందే తేల్చుకోవాలి. కింది మెట్లన్నీ ఆ నిర్ణయం చుట్టూనే తిరుగుతాయి. వరుస మార్చకుండా చేయండి.

## 1. సామగ్రి

పెన్నులు. మొదట్లో పిగ్మెంట్ ఫైన్‌లైనర్లు (సన్న మొన ఉండి, పొడి రంగు కలిపిన సిరాతో రాసే పెన్నులు) మూడు చాలు: 01, 03, 08. పెన్ను మీది అంకెను మిల్లీమీటర్లుగా చదవకండి. సాకురా పిగ్మా మైక్రాన్‌లో 01 అంటే 0.25 మి.మీ., 03 అంటే 0.35, 05 అంటే 0.45, 08 అంటే 0.50. కొన్ని ఇతర కంపెనీలు నేరుగా మిల్లీమీటర్ల కొలతనే వేస్తాయి. చాలా సన్నని 005తో మొదలుపెట్టవద్దు. చెయ్యి కాస్త ఒత్తితే దాని మొన లోపలికి పోతుంది.

పెద్ద నలుపులు నింపడానికి ఒక బ్రష్ పెన్నుగానీ సన్న కుంచెగానీ ఉంచుకోండి. ఫైన్‌లైనర్‌తో నింపితే మొన అరుగుతుంది, నలుపు చారలు చారలుగా వస్తుంది.

సిరా. డై సిరాల్లో (రంగు ద్రవంలో పూర్తిగా కరిగి ఉండే సిరాలు) చాలావరకు నీళ్లు తగిలితే కరుగుతాయి, వెలుతురుకు వెలుస్తాయి. పిగ్మెంట్ సిరా నిలుస్తుంది. పాళీకి, కుంచెకు ఇండియన్ ఇంక్ మంచిది. ఎండాక నీటికి కదలదు. ఫౌంటెన్ పెన్నులో మాత్రం దాన్ని ఎప్పుడూ పోయకండి. అందులోని లక్క లాంటి బంధకం ఎండి పెన్ను లోపలి దారులన్నీ మూసుకుపోతాయి.

కాగితం. నునుపుగా ఉన్న 160–200 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) డ్రాయింగ్ కాగితం లేదా బ్రిస్టల్ బోర్డు అనే నున్నటి దళసరి కాగితం తీసుకోండి. నీళ్లు కలిపిన సిరా కూడా వాడేటట్లయితే 300 జీఎస్‌ఎం హాట్ ప్రెస్ (నునుపైన రకం) వాటర్‌కలర్ కాగితం కావాలి. గరుకు కాగితం మీద సన్న గీత తెగిపోతుంది, పాళీ మొన పీచులో ఇరుక్కుంటుంది.

పెన్సిల్, రబ్బరు. హెచ్‌బీ పెన్సిల్‌ను తేలిగ్గా వాడటమే మేలు. 2హెచ్ సన్నగా కనిపించినా ఒత్తితే కాగితంలో గాడి పడుతుంది, తర్వాత సిరా ఆ గాడిలోకే పారుతుంది. ముద్దలా మెదిపే నీడెడ్ రబ్బరు తప్పనిసరి.

## 2. కాగితానికీ సిరాకూ పొత్తు కుదురుతుందా?

ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే. మంచి కాగితం, మంచి సిరా విడివిడిగా బాగున్నా రెండూ కలిసి పనిచేయకపోవచ్చు. అదే కాగితంలోంచి 10 సెం.మీ. చదరపు ముక్క కోసి ఇలా పరీక్షించండి:

- ఒక గీత బాగా నెమ్మదిగా గీయండి. అంచులు పీచుపీచుగా పాకితే ఆ కాగితానికి సిరా నిలబెట్టే పూత చాలలేదు. వేరే కాగితం చూడండి.
- ఒకేచోట మూడు పొరల అడ్డుగీతలు వేయండి. పీచు లేస్తే ఆ కాగితం మీద రెండు పొరలకు మించి వెళ్లకండి.
- 2 సెం.మీ. గడిని నల్లగా నింపి వెనక్కి తిప్పండి. మచ్చ కనిపిస్తే పుస్తకంలో రెండు వైపులా వేయడం కుదరదు.
- పెన్సిల్ గీత మీద సిరా గీసి, 10 నిమిషాలు ఆరనిచ్చి, రబ్బరుతో తుడవండి. నలుపు ఎంత తగ్గుతుందో గమనించండి.
- ఆరిన గీత మీద తడి కుంచె నడపండి. రంగు కదిలితే ఆ సిరా మీద నీటి పని వద్దు.

ముక్క వెనక పెన్ను పేరు, కాగితం పేరు రాసి దాచండి. ఇలాంటి ముక్కలు పోగయ్యేకొద్దీ ఎంపిక సులువవుతుంది.

## 3. చేతిని సిద్ధం చేయడం

పొట్టి గీతకు వేళ్లు, నాలుగైదు సెంటీమీటర్ల గీతకు మణికట్టు, అంతకు మించితే మోచెయ్యి, భుజం కదలాలి. పొడుగు గీతను మణికట్టుతో లాగితే అది విల్లులా వంగుతుంది.

1. మొదలు, చివర రెండు చుక్కలు పెట్టుకోండి.
2. కాగితానికి కాస్త పైన, గాలిలోనే రెండుసార్లు చెయ్యి ఆడించండి.
3. చూపు పెన్ను మొన మీద కాకుండా చివరి చుక్క మీద నిలిపి, ఒకే వేగంతో లాగండి.
4. గీత తప్పినా దాని మీద మళ్లీ గీయకండి.

నాలుగోది అలవాటు చేసుకోవడానికి కొంతకాలం పడుతుంది. పెన్సిల్ అలవాటుతో పొట్టి పొట్టి గీతలు అతికిస్తూ పోతే అంచు వెంట్రుకలు మొలిచినట్టు కనిపిస్తుంది. కాస్త వంకర పోయిన ఒక్క గీత అంతకంటే ఎన్నో రెట్లు నయం.

చెయ్యికి అనువైన దిశ ఒకటే ఉంటుంది, చాలామందికి అది ఒంటివైపు లాగే దిశ. చేతిని మెలితిప్పడం మానేసి కాగితాన్నే తిప్పండి. బొమ్మకు కూర్చునే ముందు పది నిమిషాలు 2 మి.మీ. ఎడంతో సమాంతర గీతలు, తర్వాత 1 మి.మీ. ఎడంతో, ఆపైన వంపులు, కోడిగుడ్డు ఆకారాలు గీయండి.

## 4. అయిదు గడుల నీడల పట్టీ

2.5 సెం.మీ. గడులు అయిదు పక్కపక్కనే గీయండి. మొదటిది ఖాళీ. రెండోదానిలో ఒకే దిశలో, సుమారు 2 మి.మీ. ఎడంతో గీతలు. మూడోదానిలో అదే దిశలో 1 మి.మీ. ఎడం. నాలుగోదానిలో దాని మీద ఇంకో రెండు పొరలు, వేరే వాలుతో. అయిదోది పూర్తి నలుపు.

పట్టీని రెండు మీటర్ల దూరంలో పెట్టి కళ్లు చిట్లించి చూడండి. అయిదూ వేర్వేరుగా తెలియాలి. సాధారణంగా మూడూ నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. అప్పుడు నాలుగోదాన్ని ఇంకా నల్లబరచకుండా మూడోదాన్ని తేలికపరిచి కొత్త పట్టీ వేయండి.

రెండో పొర మొదటి పొరను ఎంత కోణంలో దాటుతోందన్నది ముఖ్యం. 90 డిగ్రీలైతే చిన్న చిన్న చదరాలు ఏర్పడి, కన్ను నీడను వదిలి గళ్లను చూస్తుంది. 20–40 డిగ్రీలు పెట్టండి, సన్నని వజ్రాకారాలు వచ్చి మెత్తగా కలిసిపోతాయి.

ఇదే పట్టీని చుక్కలతో, ముడిగీతలతో కూడా వేయండి. చుక్క పెట్టేటప్పుడు పెన్ను నిటారుగా ఉండాలి, పూర్తిగా పైకెత్తి మళ్లీ దించాలి. తొందరపడితే చుక్కకు తోక వస్తుంది. చుక్కల పని చాలా నెమ్మది. అరచేతంత బొమ్మకే గంటలు పడుతుందని ముందే తెలుసుకుని చిన్న కొలత ఎంచుకోండి.

## 5. చిన్న నమూనా

5×7 సెం.మీ. గడిలో, మందపాటి పెన్నుతో, మూడే మూడు నీడ మెట్లలో మొత్తం బొమ్మ వేయండి: తెలుపు, ఒక బూడిద, నలుపు. సన్న పెన్ను పట్టుకుంటే వివరాల్లోకి జారిపోతారు. ఇలాంటివి కనీసం మూడు వేసి ఒకటి ఎంచుకోండి.

ఎంచుకునేటప్పుడు చూడవలసినవి:

- వెలుగు ఏ వైపు నుంచి వస్తోందో ఒక్క చూపులో తెలుస్తోందా?
- మూడు మెట్లలో ఒకటి మిగతావాటికంటే ఎక్కువ స్థలం తీసుకుందా? మూడూ సమానమైతే బొమ్మ మచ్చలమచ్చలుగా ఉంటుంది.
- కన్ను నిలవాలనుకున్న చోటే అతి నలుపు, అతి తెలుపు పక్కపక్కన ఉన్నాయా?
- పెద్ద తెలుపు ఎక్కడ? దాన్ని చివరిదాకా కాపాడటం కుదురుతుందా?

ఇంత చిన్న గడిలో ఏమిటో గుర్తుపట్టలేని బొమ్మను తర్వాత ఎన్ని వివరాలు వేసినా నిలబెట్టలేం.

ఫొటో చూసి వేస్తుంటే దాన్ని ముందు నలుపు తెలుపులోకి మార్చుకోండి. ఫొటోల్లో నీడలు నిజంగా ఉన్నదానికంటే నల్లగా మూసుకుపోతాయి. వాటిని అలాగే దించకుండా లోపల ఒక మెట్టు తేలిక చేయండి.

## 6. పెన్సిల్ గీత

ముందు పెద్ద ఆకారాలు, తర్వాత వాటి లోపలివి. వస్తువు అంచులను గీసినట్టే నీడ అంచులను కూడా ఒక ఆకారంగా గీయండి. పూర్తి నలుపు రావలసిన చోట చిన్న ఇంటూ గుర్తు, గీతలు పోవలసిన దిశకు చిన్న బాణం పెట్టండి.

పెన్సిల్‌తో నీడ మాత్రం వేయకండి. గ్రాఫైట్ పొడి ఫైన్‌లైనర్ మొనను పూడ్చేస్తుంది, సిరా కూడా దాని మీద సరిగ్గా పట్టదు. పని అయ్యాక నీడెడ్ రబ్బరును రుద్దకుండా అద్దుతూ, గీతలు మీకు మాత్రమే కనిపించేంత పలచబరచండి.

## 7. సిరా వేసే వరుస

బల్ల మీద ఒక కూజా, దాని వెనక ఒక పుస్తకం ఉన్నాయనుకుందాం. ఎడమవైపు నుంచి వెలుగు. పని మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి:

- చెయ్యి కింద శుభ్రమైన కాగితం
- పెన్ను పరీక్షించడానికి అదే కాగితపు ముక్క
- పాత గుడ్డ, అద్దుడు కాగితం
- సిరా సీసా అయితే కలం పట్టే చేతివైపు, అడుగుభాగం వెడల్పుగా ఉన్న గిన్నెలో
- చిన్న నమూనా ఎదురుగా

7.1 ముందున్న వస్తువు మొదట. కూజా అంచు 03తో గీయండి. వెనకనున్న పుస్తకం గీతలను కూజా అంచుకు 1 మి.మీ. ముందే ఆపండి. ఆ సన్నటి తెల్ల సందు వల్లే కూజా ముందుకు వస్తుంది. వెనకది మొదట గీస్తే గీత కూజాలోకి దూసుకుపోయే ప్రమాదం ఉంది.

7.2 అంచు మందం మార్చండి. వెలుగు తగిలే ఎడమ అంచు 01తో, అక్కడక్కడా తెంపి. నీడవైపు 03. కూజా బల్లకు ఆనే చోట 08. అంచంతా ఒకే మందంతో ఉంటే కత్తిరించి అతికించిన బొమ్మలా ఉంటుంది.

7.3 కచ్చితమైన నలుపులు కొన్ని ఇప్పుడే. కూజా నోటి లోపల, అడుగున బల్లకు ఆనిన సందులో నలుపు నింపేయండి. ఈ సలహా చాలామందికి భయం కలిగిస్తుంది, కానీ ఇది వరుసలో కీలకమైన మెట్టు. కాగితం మీద అసలైన నలుపు లేనప్పుడు రెండు గీతలు వేయగానే చాలా నల్లగా అనిపిస్తుంది, చెయ్యి అక్కడే ఆగిపోతుంది. బొమ్మ వెలవెలబోవడానికి మూలం ఇదే. సందేహమున్న నలుపులను మాత్రం చివరికి ఉంచండి.

7.4 మొదటి పొర, నీడలన్నిటి మీదా. తర్వాత ఇంకా ముదరబోయే చోట్లతో సహా నీడలో ఉన్న ప్రతి భాగం మీదా 01తో ఒకే దిశలో గీతలు వేయండి. కూజా నీడ, పుస్తకం నీడ, బల్ల మీది నీడ ఒకే వాలులో ఉంటే బొమ్మంతా ఒకే వెలుగులో ఉన్నట్టు కలిసివస్తుంది.

గీతలను రెండు మూడు సెంటీమీటర్ల పొడవులో వేయండి. పక్క వరుస కలిసేచోట చివర్లు ఒకే రేఖ మీద ముగిస్తే అక్కడ నల్ల పట్టీ ఏర్పడుతుంది. చివర్లను పొట్టీ పొడుగుగా పళ్లు పళ్లుగా వదిలి, తర్వాతి వరుసను ఆ సందుల్లోకి దూర్చండి. గీత చివర పెన్నును కదులుతుండగానే పైకెత్తండి. ఆపి ఎత్తితే చుక్క పడుతుంది, విసిరి ఎత్తితే కొక్కెంలా వంగుతుంది.

7.5 ఆగి చూడండి. రెండు మీటర్ల దూరం నుంచి, లేదా అద్దంలో, లేదా ఫోన్ ఫొటోలో. నమూనాతో పోల్చండి. ఇప్పుడు నీడలన్నీ ఒకే బూడిదలో ఉండాలి, వెలుగు భాగాలు ముట్టకుండా ఉండాలి.

7.6 రెండో పొర. మొదటిది కొన్ని నిమిషాలు ఆరాక, దిశ కొంచెం మార్చి, నీడలో మరింత లోతైన భాగాలకే. కూజా లాంటి గుండ్రటి వస్తువుకు ఈ పొరను దాని వంపును అనుసరించి వేయండి. వంపు గీతలు కూజా నోటి ఆకారంతో ఏకీభవించాలి. నోరు పైనుంచి కనిపిస్తుంటే ఒంటి మీది వంపులు కిందికి సాగాలి, అడుగుకు పోయేకొద్దీ ఎక్కువగా వంగాలి.

నీడవైపు అంచును ఆనుకుని సన్నటి పట్టీ ఒకటి తేలికగా వదిలేయండి. బల్ల మీదినుంచి తిరిగివచ్చే వెలుగు అక్కడ పడుతుంది. అది లేకపోతే కూజా గుండ్రంగా తిరగదు.

7.7 బల్ల మీద పడే నీడ. కూజాకు దగ్గర అంచు పదునుగా, దూరం పోయేకొద్దీ మెత్తగా. దూరపు అంచున గీతలను ఎడం చేసి, ముక్కలుగా తెంపి ముగించండి. అక్కడ చుట్టుగీత గీయకండి.

7.8 మూడో పొర, మిగిలిన నలుపులు. 08తో, తక్కువగా. ప్రతి నలుపుకు ముందు నమూనా చూడండి. ఎదుటనున్న వస్తువుతో పోల్చుకుంటూ పోతే వేయడానికి ఎప్పుడూ ఇంకో వివరం కనిపిస్తూనే ఉంటుంది. నమూనాలోని మూడు మెట్లు కాగితం మీద తెలిశాయంటే ఆపేయవచ్చు.

## 8. పాళీతో వేసేవారికి

కొత్త పాళీకి తుప్పు పట్టకుండా నూనె పూత ఉంటుంది. అది పోకపోతే సిరా ముత్యాల్లా ముడుచుకుని ఒక్కసారిగా జారుతుంది. గిన్నెలు తోమే సబ్బు, పాత టూత్‌బ్రష్‌తో కడిగి తుడవండి. మంటలో కాల్చే పద్ధతి వద్దు, లోహం స్థితిస్థాపకత దెబ్బతింటుంది.

పాళీ మధ్యలోని రంధ్రం మునిగేదాకా ముంచి, సీసా అంచుకు వెనకవైపు తాకించి అదనపు సిరా దించండి. మొదటి గీత ఎప్పుడూ పరీక్ష ముక్క మీదే. కలం సుమారు 45 డిగ్రీల వాలులో ఉండాలి. ఒత్తిడి కిందికి లాగే గీతలోనే ఇవ్వాలి. పైకి నెట్టేటప్పుడు ఒత్తితే మొన కాగితంలో గుచ్చుకుని సిరా చిమ్ముతుంది.

ఒక గీత మధ్యలో తెలుపు వచ్చి రెండు సన్న గీతలుగా చీలితే, సిరా అయిపోయింది లేదా మరీ ఎక్కువగా ఒత్తారు. మళ్లీ ముంచి ఒత్తిడి తగ్గించండి.

కొన్ని నిమిషాలకోసారి తడిగుడ్డతో పాళీ తుడవాలి. ఇండియన్ ఇంక్ పాళీ మీదే ఎండుతూ మొనల మధ్య సందును మూసేస్తుంది. పని అయ్యాక కడిగి, ఆరబెట్టి పెట్టండి. ఎండిపోయి గట్టిపడితే అమ్మోనియా ఉన్న గాజు తుడిచే ద్రవంలో కాసేపు నానబెట్టి బ్రష్‌తో రుద్దండి.

## 9. ఆకులు, చెక్క, గాజు, బట్ట

అల్లిక లేదా గరుకుదనం మొత్తం ఉపరితలం మీద పరచకండి. వెలుగూ నీడా కలిసే అంచున చూపిస్తే చాలు, మిగతాది కన్ను పూరించుకుంటుంది. ఇటుకల గోడలో పది ఇటుకలు స్పష్టంగా గీస్తే అది ఇటుక గోడే.

చెట్టును ఒక్కో ఆకుగా వేయకుండా గుత్తులుగా చూడండి. ప్రతి గుత్తికీ వెలుగువైపు అంచు మాత్రం ఆకుల ఆకారంతో, లోపల మామూలు నీడ గీతలు. గుత్తుల మధ్య ఆకాశం కనిపించే సందులు వదలండి.

గాజు, లోహాల్లో బూడిదలు తక్కువ. గట్టి నలుపు, శుద్ధమైన తెలుపు పదునైన అంచుతో పక్కపక్కన పెట్టాలి. బట్టకు దీనికి విరుద్ధం: మడత ఒకవైపు పదునుగా, మరోవైపు మెల్లగా కరిగిపోయే గీతలతో ఉండాలి. చెక్కకు గీతలు పలక పొడవునా పోవాలి, ముడి దగ్గర చుట్టూ తిరగాలి.

## 10. నీరు కలిపిన సిరా

మూడు చిన్న గిన్నెల్లో 5 మి.లీ. చొప్పున నీళ్లు పోసి ఒకదానిలో ఒక చుక్క, ఇంకోదానిలో మూడు, మరోదానిలో ఎనిమిది చుక్కల సిరా కలిపి, పరీక్ష ముక్క మీద చూసి సర్దుకోండి. ఎండాక అది తడిలో కనిపించినదానికంటే తేలిగ్గా ఉంటుంది. పలచనిది మొదట, చిక్కనిది తర్వాత. ఒక పూత పూర్తిగా ఆరకుండా రెండోది వేస్తే కింది పూత లేచి అంచుల్లో మరకలు కడుతుంది. గీతలు ముందే వేసి ఉంటే నీరు సోకినా కదలని సిరా అని 2వ మెట్టులోనే నిర్ధారించుకుని ఉండాలి.

## 11. తప్పులు, సర్దుబాట్లు

- సిరా బొట్టు పడింది. తుడవకండి. అద్దుడు కాగితం మూలను బొట్టు పైభాగానికి తాకించి పీల్చనివ్వండి. పూర్తిగా ఆరాక మిగతా పని.
- చెయ్యి తగిలి అలుక్కుంది. కుడిచేత్తో వేసేవారు ఎడమ పైమూల నుంచి, ఎడమచేత్తో వేసేవారు కుడి పైమూల నుంచి కిందికి దిగండి.
- గీత హద్దు దాటింది. దానికి తోడుగా ఇంకొన్ని గీతలు కలిపి నీడగానో, వెనక వస్తువుగానో మార్చవచ్చేమో చూడండి.
- చిన్న తెలుపు పోయింది. తెల్ల గువాష్‌ను (కింది రంగును కప్పేసే నీటి రంగు) చిక్కగా, సన్న కుంచెతో వేయండి. తెల్ల జెల్ పెన్ను కూడా పనికొస్తుంది. దాని మీద మళ్లీ సిరా గీయాల్సివస్తే గువాష్ పూర్తిగా ఆరాలి, చెయ్యి తేలిగ్గా పడాలి.
- మందపాటి కాగితం మీద పొరపాటు గీత. పదునైన బ్లేడును పడుకోబెట్టి పైపొర మాత్రం గీకి, గోటితో నునుపు చేయండి. అక్కడ మళ్లీ గీస్తే సిరా పాకుతుంది, కాబట్టి తెల్లగా వదలవలసిన చోటే ఈ పని చేయండి.
- అంతా మధ్యస్థ బూడిదగా తయారైంది. కొత్త గీతలు కలపకండి. నమూనాలో నలుపుగా ఉన్న రెండు మూడు చోట్లను పూర్తిగా నింపేయండి. చాలాసార్లు అదే సరిపోతుంది.
- ఫైన్‌లైనర్ గీత పలచబడింది. పారేయకండి. అరిగిన పెన్ను దూరపు కొండలకు, మబ్బులకు, లేత నీడకు పనికొస్తుంది.

## 12. ఆరబెట్టడం, తుడవడం, దాచడం

ఫైన్‌లైనర్ గీతలున్న బొమ్మను కనీసం అరగంట, పెద్ద నలుపులున్నదాన్ని కొన్ని గంటలు, వీలైతే రాత్రంతా ఆరనివ్వండి. అంగుష్ఠంతో కాకుండా నలుపు మీద పరీక్ష ముక్క అద్ది చూస్తే తడి తెలుస్తుంది. తర్వాత మెత్తని రబ్బరుతో ఒకే దిశలో, కాగితాన్ని రెండో చేత్తో బిగించి పట్టుకుని తుడవండి. అటూఇటూ రుద్దితే కాగితం ముడతపడుతుంది. తుడిచాక నలుపు కాస్త తగ్గిన చోట్ల మళ్లీ ఒకసారి సిరా పెట్టండి.

ఫైన్‌లైనర్లను పడుకోబెట్టి ఉంచండి. బొమ్మలను ఆమ్లరహిత కాగితం మధ్య పెట్టి, ఎండ తగలని చోట సమతలంగా దాచండి.

స్కాన్ చేసేటప్పుడు 600 డీపీఐ, గ్రేస్కేల్ ఎంచుకోండి. నలుపు తెలుపు మాత్రమే ఉండే పద్ధతిలో స్కాన్ చేస్తే సన్న గీతలు తెగిపోతాయి. తర్వాత ఫొటోలు సవరించే సాఫ్ట్‌వేర్‌లోని లెవెల్స్‌లో (నలుపు తెలుపులు సర్దే అమరిక) తెలుపు గుర్తును కాగితం రంగు తెల్లబడేదాకా జరపండి, 01 గీతలు మాయమవుతున్నాయనిపించిన చోట ఒక అడుగు వెనక్కి రండి.